నిప్పు పడవ తర్వాత ఏమైంది?

(గ్రీకు సినిమా ప్రదర్శన తర్వాత మా ఫిల్మ్ సొసైటీలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసి పెట్టాం.)

అందరికీ నమస్కారం. కూర్చుని కూర్చుని కాళ్ళు పట్టేసి ఉంటాయి, కాస్త సర్దుకోండి. బయట టీ వచ్చిందట. తెచ్చుకుని వినేవాళ్ళు తెచ్చుకోండి, నాకేం ఇబ్బంది లేదు. నాకూ ఒకటి పట్టుకొస్తే ఇంకా మంచిది.

ఇప్పుడు మనం చూసింది ‘గాడ్ లవ్స్ కేవియర్’. 2012లో వచ్చింది, గ్రీసూ రష్యా కలిసి తీసిన సినిమా. దేవుడికి కేవియర్ అంటే ఇష్టం అన్నమాట. కేవియర్ అంటే ఉప్పు వేసి నిలవచేసే ఒక రకం చేప గుడ్లు. ఓడ మీద బతుకు మొదలుపెట్టి, ఆ గుడ్ల వ్యాపారంతో కోటీశ్వరుడైన వార్వాకిస్ అనే గ్రీకు నావికుడి కథ ఇది. దర్శకుడు యానిస్ స్మారాగ్దిస్. ఈయన సంగతి ముందు ఒక్క ముక్క చెప్పాలి. అంతకుముందు కవాఫిస్ అనే కవి మీద తీశాడు, ఎల్ గ్రెకో అనే చిత్రకారుడి మీద తీశాడు. దీని తర్వాత కజాంజాకిస్ అనే నవలాకారుడి మీద తీశాడు. వరస చూశారా? గ్రీకు మహాపురుషుడు కనిపిస్తే ఈయన కెమెరా ఆగదు. తప్పని నేననను. కానీ మహాపురుషుడి మీద సినిమా తీసేవాడికి ఒక చిక్కుంటుంది. ఆయన మహాపురుషుడు అవుతాడని దర్శకుడికి మొదటి సీనులోనే తెలుసు. ఆ ఓడలో ఉన్న కుర్రాడికి మాత్రం తెలీదు కదా! ఈ తేడా మనసులో పెట్టుకుంటే ఈ సినిమాలో బాగున్నదేదో, లేనిదేదో తేలిగ్గానే తెలుస్తుంది.

ఇంకోటి, మీరు గమనించే ఉంటారు. హీరో గ్రీకువాడు, వేసినాయన జర్మన్, సెబాస్టియన్ కోచ్. రష్యా మహారాణి ఎకతెరీనాగా ఫ్రెంచి నటి కాథరిన్ దెనెవ్. ఇంగ్లీషు అధికారిగా జాన్ క్లీజ్, ఈ ముగ్గురిలో ఆయన ఒక్కడే సొంత దేశంవాడి వేషం వేశాడు. అందరూ మాట్లాడేది ఇంగ్లీషు. మన దగ్గర కూడా పౌరాణికాల్లో రావణుడూ రాముడూ ఒకే తెలుగు మాట్లాడతారు, మనమేమైనా అడిగామా? అడగలేదు. కాబట్టి దాన్ని వదిలేద్దాం. మహారాణి వయసు సంగతి మాత్రం వదల్లేను. మన కథానాయకుడు ఆమెను కలిసేనాటికి ఆమెకు నలభై అయిదు దాటి ఉంటాయేమో, అంతే. దెనెవ్ ఈ సినిమా చేసేనాటికి డెబ్భైకి దగ్గర. దానివల్ల ఏమైందంటే, అక్కడ జరగాల్సిన బేరం కాస్తా పెద్దావిడ ఆశీర్వచనంలా అయిపోయింది. అది ఆశీర్వచనం కాదండీ, బేరమే. ఆ సంగతికి వస్తాను.

అసలు మనిషి గురించి మాట్లాడదాం. పేరు యోవానిస్ వార్వాకిస్. పుట్టింది 1745 ప్రాంతంలో, ప్సారా అనే ద్వీపంలో. ఏజియన్ సముద్రంలో కియోస్ అనే పెద్ద ద్వీపం ఉంది, దానికి వాయవ్యంగా ఉన్న చిన్న రాతి ముక్క ప్సారా. పండించుకుందామంటే నేల లేదు. నేల లేనివాడు ఏం చేస్తాడు? నీళ్ళ మీద బతుకుతాడు. ఆ ఊళ్ళో మగపిల్లవాడు ఓడ ఎక్కకపోతే వింత. వీళ్ళ ఇంటిపేరు నిజానికి లియోన్దిస్. పెద్ద పెద్ద కళ్ళున్న పిల్లాడు కాబట్టి అక్కడి ఒక వేటపక్షి పేరుతో వార్వాకిస్ అని పిలిచారట, అదే నిలిచిపోయింది.

సినిమా గురించి రాసినవాళ్ళు ఈయన్ని సముద్రపు దొంగ అని పరిచయం చేస్తుంటారు. దొంగా, కాదా? మీరే చెప్పండి. ఆ కాలపు ఏజియన్‌లో ఒకే మనిషి పొద్దున సరుకు మోస్తాడు, అవకాశం దొరికితే సాయంత్రం ఎదుటి ఓడ దోస్తాడు. ఏదో ఒక రాజు దగ్గర అనుమతి పత్రం ఉంటే ఆ దోపిడీ యుద్ధం. పత్రం లేకపోతే దొంగతనం. మనిషి అదే, కత్తి అదే, పత్రం ఒక్కటే తేడా. వార్వాకిస్‌కి ఆ పత్రం దొరికింది, ఇచ్చింది రష్యా.

1768లో రష్యాకీ ఆటోమన్ తుర్కులకీ యుద్ధం మొదలైంది. రష్యన్లు బాల్టిక్ సముద్రం నుంచి నౌకాదళాన్ని పంపించారు. యూరప్ ఖండం మొత్తం చుట్టి, జిబ్రాల్టర్ దాటించి, మధ్యధరా సముద్రంలోకి తెచ్చారు. దానికి పెద్ద అలెక్సీ ఓర్లోవ్. తుర్కుల పాలనలో ఉన్న గ్రీకులకు చెప్పిందేమిటి? మేం కూడా మీ మతం వాళ్ళమే, ఆర్థడాక్సులమే. మీరు లేవండి, మేం వెనక ఉన్నాం. గ్రీకులు లేచారు, 1770లో. మరి రష్యన్లు వెనక ఉన్నారా? ఉండాల్సినంత లేరు. గ్రీసు దక్షిణ భాగమైన పెలొపొనీస్‌లో తిరుగుబాటు అణిగిపోయింది, ఊళ్ళకు ఊళ్ళు నాశనమయ్యాయి. సముద్రం మీద మాత్రం గెలిచారు. 1770 జూలైలో చెష్మె అనే చోట తుర్కుల నౌకాదళం దాదాపు మొత్తం కాలిపోయింది. చెష్మె ఎక్కడుందనుకున్నారు? కియోస్‌కి ఎదురుగా. అంటే మన కుర్రాడి పెరటి సముద్రం.

నిప్పు పడవ ఎలా పనిచేస్తుందో చెబుతాను, ఇది తెలిస్తే ఆ మంటల సీను ఇంకోలా కనిపిస్తుంది. ఒక పాత పడవ తీసుకుంటారు. దాని నిండా తారు, గంధకం, మందుగుండు, ఎండు కట్టెలు. తెరచాప కొయ్యల చివర ఇనప కొక్కేలు. గాలివాలు చూసుకుని శత్రువు ఓడ వైపు వదుల్తారు. వదలడమంటే మనుషుల్లేకుండా కాదు, చివరిదాకా చుక్కాని పట్టుకుని ఉండాలి. కొక్కేలు అవతలి ఓడకు తగులుకోవాలి, అప్పుడు నిప్పు ముట్టించాలి, వెనక కట్టిన చిన్న పడవలోకి దూకి తెడ్లు వేసుకుంటూ పారిపోవాలి. ఒక్క నిమిషం ముందు ముట్టిస్తే ఎదుటివాడు తప్పుకుంటాడు. ఒక్క నిమిషం ఆలస్యమైతే వీళ్ళే పోతారు. అప్పటి చెక్క ఓడకు తారు పూత, తాళ్ళకు తారు, లోపల మందుగుండు కొట్టు. ఒకటి అంటుకుంటే పక్కవన్నీ అంటుకుంటాయి. ఇరుకు ఖాతంలో లంగరు వేసి ఉన్న దళానికి ఇంతకంటే చావు లేదు.

వార్వాకిస్ తన సొంత ఓడనే ఈ పనికి ఇచ్చేశాడని గ్రీకు కథనం. రష్యన్ పుస్తకాలు తీస్తే చెష్మె నిప్పు పడవ ఘనత దిమిత్రీ ఇల్యిన్ అనే లెఫ్టినెంటుది. ఎవరి పుస్తకంలో వాళ్ళ హీరో, ఎక్కడైనా అంతే. సినిమా సంగతి సరే, మనం మాత్రం ఇంత చెప్పుకోవచ్చు. ఆయన రష్యన్ల తరఫున పోరాడాడు, ఓడ పోగొట్టుకున్నాడు, లెఫ్టినెంట్ హోదా ఒకటి చేతికొచ్చింది.

ఆ తర్వాత 1774లో సంధి, క్యుచుక్ కైనార్జా సంధి. రష్యాకు నల్లసముద్రం దారి తెరుచుకుంది. ఏజియన్ ద్వీపాలు? తిరిగి తుర్కులకే. అంటే రష్యా జెండా కింద తుర్కుల ఓడలు కాల్చినవాడు ఇప్పుడు మళ్ళీ తుర్కుల పాలనలో ఉండాలి. ఓడ లేదు, ఊళ్ళో తలెత్తుకునే వీలు లేదు. ఏం చేస్తాడు? అప్పు వసూలుకు బయల్దేరాడు. నేనైతే ఆ ప్రయాణాన్ని అలాగే చూస్తాను. చాలా దూరం నడిచే వెళ్ళాడని చెబుతారు, పీటర్స్‌బర్గ్ దాకా. అక్కడ మహారాణికి కుడిభుజంలాంటి పొటెంకిన్ ద్వారా ఆవిడ దర్శనం. ఆవిడ ఇచ్చిందేమిటి? వెయ్యి బంగారు నాణేలు, కాస్పియన్ సముద్రంలో పదేళ్ళ పాటు సుంకం లేకుండా చేపలు పట్టుకునే హక్కు.

సినిమా బంగారం దగ్గర ఆగుతుంది. బంగారం మెరుస్తుంది కాబట్టి కెమెరాకు ఇష్టం. కానీ ఆ రెండిట్లో ఏది పెద్దదండీ? వెయ్యి నాణేలు ఎవరైనా తినేస్తారు. పదేళ్ళ సుంకం మినహాయింపు ఉందే, అదీ ఆస్తి! మహారాణికి మాత్రం పోయిందేముంది? ఖజానా నుంచి రూపాయి తీయనక్కర్లేదు. తన దక్షిణ సరిహద్దులో, జనం పలచగా ఉన్నచోట, సముద్రం తెలిసిన మొండివాడొకడు స్థిరపడతాడు. సరిహద్దు కాస్తాడు, వ్యాపారం పెంచుతాడు. పదేళ్ళ తర్వాత సుంకం ఎలాగూ వస్తుంది. అందుకే అన్నాను, అది బేరం అని. ఇద్దరూ తెలివైనవాళ్ళే.

అలా వచ్చి చేరింది ఆస్త్రఖాన్. వోల్గా నది కాస్పియన్‌లో కలిసేచోట ఉన్న ఊరు. ఆ ఊళ్ళో అప్పటికే ఎవరున్నారో తెలుసా? మనవాళ్ళు! తెలుగువాళ్ళు కాదులెండి, ముల్తానీలు, మార్వాడీలు. వార్వాకిస్‌కి నూట యాభై ఏళ్ళ ముందే, 1620ల నాటికే, భారతీయ వర్తకులకు అక్కడ ప్రత్యేకంగా ఒక సత్రం ఉంది. గుడ్డలమ్మేవాళ్ళు, వడ్డీలకు తిప్పేవాళ్ళు. అర్మేనియన్లు, పర్షియన్లు, తాతార్లు సరే సరి. అలాంటి బజారులోకి దిగాడు ఈ గ్రీకు నావికుడు. ఇంత మంచి లొకేషన్ దొరికితే నేనైతే అరగంట అక్కడే తిరిగేవాణ్ణి. ఈ సినిమాకి రాజమందిరం మీద ఉన్న మోజు బజారు మీద లేదు.

ఇక కేవియర్. మనకు పరాయి పదార్థం కాదండీ. చేప జన. పులస జన తిన్నవాళ్ళు ఈ హాల్లో ఎంతమంది? చేతులెత్తండి... చాలు చాలు, అర్థమైంది, గోదావరి జిల్లాలవాళ్ళు ఒక మూల కూర్చున్నట్టున్నారు. కేవియర్ అంటే స్టర్జన్ అనే చేప జన. ఈ స్టర్జన్ కూడా మన పులసలాగే ఉప్పునీళ్ళలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదికి ఎదురీదుతుంది. పులసకి గోదావరి ఎలాగో కాస్పియన్ స్టర్జన్‌కి వోల్గా అలాగ. ఇంకో పోలిక కూడా ఉంది, అంత సంతోషంగా చెప్పేది కాదు. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తి చేశాక పులస దారి అక్కడితో ఆగింది కదా. వోల్గా మీద 1950ల చివర వోల్గోగ్రాడ్ దగ్గర డ్యాము అడ్డం వచ్చాక బెలూగా పరిస్థితీ అదే. బెలూగా అంటే స్టర్జన్లలో పెద్దది. ఎంత పెద్దదంటే, 1827లో వోల్గా మొగలో పట్టిన ఒక చేప 1,571 కిలోలు తూగిందని లెక్క. ఒకటిన్నర టన్ను! ఆడచేప గుడ్లు పెట్టే వయసుకు రావడానికి పదిహేనేళ్ళు, ఇరవయ్యేళ్ళు పడుతుంది. ఆ లోపల పట్టేస్తే ఇక పిల్లలెక్కడివి? 1998 నుంచి స్టర్జన్ జాతులన్నిటి అంతర్జాతీయ వ్యాపారం మీదా ఆంక్షలున్నాయి. వార్వాకిస్ చూసిన కాస్పియన్ ఇప్పుడు లేదు.

సరే, ఆయన చేసిందేమిటి? కేవియర్‌ని ఆయనే కనిపెట్టాడన్నట్టు కథలు చెబుతారు. ఎవరో జాలరి రొట్టె మీద ఈ నల్లటి గుడ్లు పూసుకుని తింటుంటే అడిగి రుచి చూశాడనీ, అక్కడితో దశ తిరిగిందనీ. కథ బాగుంది. కానీ పద్నాలుగో శతాబ్దంలోనే పెగొలొత్తి అనే ఇటలీ వర్తకుడు రాసుకున్న వ్యాపార పుస్తకంలో కేవియర్ ఉంది. నల్లసముద్రం రేవుల నుంచి అప్పటికే అమ్ముతున్నారు. కాబట్టి రుచి కొత్తది కాదు. మరి కొత్తదేమిటి? చెడిపోకుండా దూరం పంపడం, అదీ పెద్ద ఎత్తున!

జన తీశాక ఏం చేస్తారంటే, జల్లెడ మీద మెల్లగా రుద్ది పొర నుంచి గింజ విడదీస్తారు. కడుగుతారు. ఉప్పు కలుపుతారు. ఇక్కడే ఉంది పనితనమంతా. ఉప్పు ఎక్కువేస్తే నిలవుంటుంది, రుచి చస్తుంది. తక్కువేస్తే రుచి ఉంటుంది, ఎండలో రెండ్రోజులకే వాసనేస్తుంది. ఐసు ఫ్యాక్టరీలు లేని కాలం అది. ఆస్త్రఖాన్ నుంచి గ్రీకు ఊళ్ళ దాకా బండ్ల మీద, పడవల మీద వారాల ప్రయాణం. లిండెన్ చెక్కతో చేసిన పెట్టెల్లో, పీపాల్లో పెడితే సరుకు పాడవదని వార్వాకిస్ పట్టుకున్నాడంటారు. ఆ చెక్కకు సొంత వాసన ఉండదు, తేమను పట్టి ఉంచుతుంది. 1780ల చివరికి ఆయన దగ్గర మూడు వేలమంది పనిచేసేవారని చెబుతారు. వలలు వేసేవాళ్ళు, కోసేవాళ్ళు, ఉప్పు కలిపేవాళ్ళు, పెట్టెలు చేసే వడ్రంగులు. వాళ్ళు మనకు ఎంతసేపు కనిపించారు ఈ సినిమాలో? మాస్టారూ, మీరు ముందు వరసలో ఉన్నారు, మీకేమైనా కనిపించారా? లేదు కదా.

మరి కొనేదెవరు? ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. ఆర్థడాక్స్ క్రైస్తవులకు ఉపవాసాలు ఎక్కువ. ఈస్టరు ముందు పెద్ద ఉపవాసం ఒక్కటే ఏడు వారాలు. మాంసం వద్దు, పాలు వద్దు, కోడిగుడ్డు వద్దు, మామూలు రోజుల్లో చేపా వద్దు. కానీ చేప జన? గ్రీకుల ఆచారంలో దాన్ని ఉపవాసపు వంటగానే తింటారు. ఇప్పటికీ ఉపవాసాలు మొదలయ్యే సోమవారం, వాళ్ళు శుద్ధ సోమవారం అంటారు, ఆ రోజు జనతో చేసే తరమా లేని ఇల్లుండదు. చేప కూడదు, దాని కడుపులోది మాత్రం కూడుతుంది. నవ్వకండి, మన ఏకాదశి ఉపవాసానికి ఎన్ని రకాల పిండివంటలున్నాయో మనకి తెలీదా! సినిమా పేరులో దేవుడెందుకొచ్చాడో నాకైతే ఇక్కడే అర్థమైంది. ఏటా క్యాలెండరు ప్రకారం గిరాకీ వచ్చే సరుకు అది. కొనేవాళ్ళ భాష, ఆచారం వార్వాకిస్‌కి పుట్టుకతో తెలుసు. సుంకం లేదు. పట్టే చోటు ఆయనది, అమ్మే చోటు ఆయనవాళ్ళది. కోటీశ్వరుడు కాక ఏమవుతాడు?

ఇదంతా సినిమాలో నాలుగు షాట్లలో అయిపోతుంది. మొదటి షాట్‌లో ఒంటరివాడు, నాలుగో షాట్‌లో కోటు మెరుస్తుంటుంది. మధ్యలో ఏమైంది? నా ఫిర్యాదు ఇదొక్కటే. మన చరిత్ర సినిమాలకీ ఇదే జబ్బు. యుద్ధం చూపిస్తాం, దర్బారు చూపిస్తాం, దానధర్మాలు చూపిస్తాం. ఆ దానానికి డబ్బెక్కడిది అని ఎవరూ అడగరు.

దానాలు చేశాడు, అందులో సందేహం లేదు. ఆస్త్రఖాన్‌లో సగంలో ఆగిపోయిన కాలువ ఉంటే తన డబ్బుతో పూర్తి చేయించాడు, 1817కల్లా. జారు, అంటే రష్యా చక్రవర్తి, దానికి ఆయన పేరే పెట్టాడు. సోవియట్లు వచ్చి మే ఒకటి కాలువ అన్నారు, అది వేరే కథ. తర్వాత తగన్‌రోగ్ అనే రేవు పట్నానికి మారి అక్కడ గ్రీకు మఠం కట్టించాడు. 1825 చివర్లో జారు అలెక్సాందర్ ఆ ఊళ్ళోనే చనిపోతే భౌతికకాయాన్ని ఉంచింది ఆ మఠంలోనే. గ్రీకు స్వాతంత్ర్యం కోసం ఒదెస్సాలో 1814లో పుట్టిన రహస్య సంఘం ఒకటుంది, ఫిలికి ఎతేరియా. అందులోనూ ఆయనుండేవాడు. 1821లో తిరుగుబాటు లేచినప్పుడు డబ్బూ ఆయుధాలూ పంపాడు.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఈ సినిమా 2012లోనే ఎందుకొచ్చింది? గ్రీసులో అప్పటి పరిస్థితి గుర్తుంది కదా. దేశం దివాలా తీయకుండా బయటివాళ్ళు అప్పులిచ్చారు, బెయిలౌట్ అంటారు. 2010లో మొదటిది, 2012లో రెండోది. జీతాలు కోశారు, పింఛన్లు కోశారు, వీధుల్లో జనం. డబ్బున్నవాళ్ళు డబ్బును దేశం దాటిస్తున్నారని రోజూ పేపర్లలో. సరిగ్గా అప్పుడు, పరదేశంలో సంపాదించి మొత్తం తెచ్చి దేశానికిచ్చినవాడి కథ థియేటర్లో పడింది. ఎవరికి నచ్చదు? గ్రీకులకు ఇలాంటివాళ్ళ పరంపరే ఉంది, జాతి ఉపకారులు అంటారు. 1896 ఒలింపిక్స్ జరిగిన పాలరాతి స్టేడియాన్ని బాగుచేయించింది ఈజిప్టులో సంపాదించిన అవెరోఫ్. ఏథెన్స్‌లో జాప్పియోన్ అనే భవనం రుమేనియాలో సంపాదించిన జాప్పాస్‌ది. వార్వాకిస్ విగ్రహం కూడా ఆ జాప్పియోన్ దగ్గరే ఉంది. పన్నులు కట్టించుకోలేని రాజ్యం దాతల మీద బతకడం మంచిదా? ఆ ప్రశ్న ఈ సినిమా వేయదు. వేసి ఉంటే ఇంకా పెద్ద సినిమా అయ్యేది.

చివరి అంకానికి వస్తాను. 1824 వేసవిలో తుర్కుల దళం ప్సారా మీద పడింది. ఊరు మిగల్లేదు. చంపగా మిగిలినవాళ్ళను బానిసలుగా అమ్మారు, కొందరు పడవలెక్కి పారిపోయారు. కోటలో చివరిదాకా నిలబడ్డవాళ్ళు మందుగుండు కొట్టుకు తామే నిప్పు పెట్టారు. వార్వాకిస్‌కి అప్పటికి ఎనభై దగ్గర. ఆ వయసులో బయల్దేరి వచ్చాడు, కాందిశీకులకు సాయం చేశాడు. 1825 జనవరిలో జాకింథోస్ ద్వీపంలో క్వారంటైన్‌లో చనిపోయాడు. ఆ ద్వీపం అప్పుడు ఇంగ్లీషువాళ్ళ చేతుల్లో ఉండేది, జాన్ క్లీజ్ అక్కడ అధికారిగా ఎందుకున్నాడో ఇప్పుడు తెలిసింది కదా. సినిమా ఆ క్వారంటైన్‌నే గూటంగా పెట్టుకుని వెనక్కీ ముందుకీ తిరుగుతుంది. ఆ ఎంపిక బాగుంది, ఒప్పుకోవాలి. అన్ని సముద్రాలు తిరిగినవాడిని సొంత నేల అంచున నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టారు. కోచ్ నటన కూడా అక్కడే బాగుంది, యవ్వనం సీన్లకంటే.

అదే ద్వీపంలో, అదే ఏడాది, దియొనీసియోస్ సొలొమోస్ అనే కవి ప్సారా మీద ఒక పద్యం రాశాడు. ఆరే పంక్తులు. తర్వాత గ్రీసు జాతీయగీతమైన కవితా ఆయనదే. నల్లబడ్డ ఆ కొండ మీద కీర్తి ఒంటరిగా నడుస్తోందంటాడు. గ్రీకు బడిపిల్లలందరికీ వచ్చు ఆ పద్యం.

వార్వాకిస్ వీలునామాలో బడి కోసం పది లక్షల రూబుళ్ళు రాశాడు. ఆయన పోయింది 1825లో. ఏథెన్స్‌లో వార్వాకియో బడి సొంత భవనంలో నడవడం మొదలైంది 1860 ప్రాంతంలో. మధ్యలో ముప్పై అయిదేళ్ళు! దేశం ఏర్పడింది, మొదటి అధినేతను హత్య చేశారు, బవేరియా నుంచి రాజును తెచ్చుకున్నారు. ఆ డబ్బు అన్నాళ్ళూ ఎవరి చేతులు మారింది, ఎవరు వడ్డీ లెక్క రాశారు, ఎవరు అడ్డుపడ్డారు, ఎవరు పట్టుపట్టి కట్టించారు? సినిమా ఆయన మరణంతో ఆగిపోయింది కానీ డబ్బు ఆగలేదు. ఆ బడి ఎదురుగా వెలసిన మార్కెట్టుకీ ఆయన పేరే వచ్చింది. ఇవాళ ఏథెన్స్‌లో చేపలు కొనాలంటే వార్వాకియోస్ బజారుకే వెళ్తారు. నన్నడిగితే ఆ ముప్పై అయిదేళ్ళ మీద ఎవరైనా సినిమా తీస్తే మొదటి టికెట్టు నాదే. వకీళ్ళు, లెక్కల పుస్తకాలు, మంత్రులు. మంటల్లేవు, మహారాణి లేదు. ప్రొడ్యూసర్ దొరకడం కష్టమేలెండి.

ఇక మీరడగండి. వెనక ఎవరో చెయ్యెత్తారు, మైకు ఇవ్వండి వారికి.